వెంటిలేటర్ మీద ఐదో రోజు.. ఎక్మోకి ఇంకా ఆగొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. జ్వరం, దగ్గు వస్తే వారం రోజులు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వాడాడు. ఆయాసం ఎక్కువయ్యాక ఆస్పత్రిలో చేర్చాం. న్యుమోనియా అన్నారు. ఐదు రోజులుగా వెంటిలేటర్ మీదే ఉన్నాడు. ఇప్పుడు ఎక్మో పెట్టాలంటున్నారు. దాంతో ఊపిరితిత్తులు బాగవుతాయా? ఇంకో రెండు మూడు రోజులు చూద్దామనుకుంటున్నాం.
- ఓ పాఠకుడు, ఉప్పల్

డాక్టర్ సలహా: ఎక్మో ఊపిరితిత్తుల్ని బాగుచేయదండీ. తొడ దగ్గరి పెద్ద సిర నుంచి నిమిషానికి నాలుగైదు లీటర్ల రక్తం తీసి, ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ తొలగించి, సాధారణంగా మెడ సిరలోకి తిరిగి పంపుతుంది. బయటికొచ్చే గొట్టంలో రక్తం నల్లగా, తిరిగెళ్లే గొట్టంలో ఎర్రగా కనిపించాలి. ఈలోగా వెంటిలేటర్ ఒత్తిడి తగ్గిస్తారు. ఊపిరితిత్తులు కోలుకోవడానికి గడువు దొరుకుతుంది, అంతే.

నాకు భయమేస్తున్నది ఆ 'రెండు మూడు రోజుల' గురించే. ఎక్కువ ప్రెజర్ మీద వారం దాటితే వెంటిలేటరే ఊపిరితిత్తుల్ని ఇంకా దెబ్బతీస్తుంది, ఎక్మో పెట్టినా ఫలితం తగ్గిపోతుంది. ఇవాళే ఐసీయూ డాక్టర్ని అడగండి: పీఎఫ్ రేషియో (రక్తంలోని ఆక్సిజన్‌ను, ఇస్తున్న ఆక్సిజన్ మోతాదుతో భాగిస్తే వచ్చే అంకె; ఎంత తగ్గితే ఊపిరితిత్తులు అంత దెబ్బతిన్నట్టు) ఎంత? రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టి చూశారా? చూడకపోతే, ఇబ్బందేమీ లేదంటే, ముందు అది చేయాలి. అన్నీ చేశాక కూడా రేషియో 80 లోపే ఆరు గంటలకు మించి, లేదా 50 లోపే మూడు గంటలకు మించి ఉంటే ఆగడానికి లేదు. ఎకో (గుండె స్కాన్) కూడా చూడాలి. గుండె బలహీనంగా ఉంటే ఇలా సిర నుంచి తీసి సిరలోకే పంపే ఎక్మో ఒక్కటే చాలదు.

ప్రమాదాలు లేవని చెప్పను. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి గొట్టాలు పెట్టిన చోట రక్తస్రావం తరచూ కనిపించేదే, మెదడులో అయితే ప్రాణాపాయం. హెపారిన్ ఇస్తున్నా ఆక్సిజనేటర్‌లో (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగంలో) గడ్డలు కట్టవచ్చు, అప్పుడు మార్చాలి. రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఖర్చు లక్షల్లోనే. ఇన్సూరెన్స్ వాళ్లను ముందే అడగండి.

అక్కడ ఎక్మో చేయకపోతే మామూలు అంబులెన్స్‌లో ఎక్కించి ట్రాఫిక్‌లో తిప్పకండి. ఎక్మో టీమ్ వచ్చి, అక్కడే గొట్టాలు పెట్టి తీసుకెళ్లే ఏర్పాటు ఉందేమో మీ డాక్టర్‌తోనే మాట్లాడించండి.

జరిగిపోయింది కాబట్టి కోప్పడను గానీ, ఆయాసం మొదలైనా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా మెడికల్ షాపు వైద్యం పనికిరాదు. ఆ మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరగొచ్చు, ఫంగస్ పట్టొచ్చు. ఖాళీ స్ట్రిప్పులు ఇంట్లో ఉంటే ఐసీయూకి తీసుకెళ్లి చూపించండి. కేసు షీటు నేను చూడలేదు. తుది నిర్ణయం అక్కడి డాక్టర్లదే.