చేను–చెలక: నాలుగెకరాల పత్తి చేనును ఒక్కసారే మార్చాలా?

ప్రశ్న: మేడమ్, నేను నిజాంపేటలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పరిగి దగ్గర మాకు నాలుగెకరాల ఎర్ర చెలక ఉంది. బోరు లేదు, నాన్న ఏటా పత్తే వేస్తారు. అమెరికాలో రైతులు, రాంచ్‌ల వాళ్లు దున్నడం మానేసి, పశువులను తిప్పి మేపి నేలను బాగుచేసుకున్న వీడియోలు చూశాను. రీజెనరేటివ్ అగ్రికల్చర్ అంటున్నారు. వచ్చే వానాకాలం మొత్తం అలాగే చేద్దామంటే ‘పత్తి అప్పు నువ్వు కడతావా?’ అని నాన్న అడుగుతున్నారు. దున్నకుండా మన దగ్గర పంట వస్తుందా? ఆవులు కొనాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, మీరు అడిగినవాటికంటే మీ నాన్నగారు అడిగిందే గట్టి ప్రశ్న. మూడెకరాల్లో ఆయన పత్తిని ఆయన పద్ధతిలోనే చేసుకోనివ్వండి. మీరు ఒక్క ఎకరం అడగండి. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారే ఆపి, అదే ఏడాది నవంబరుకల్లా వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు.

మీరు చూసిన వీడియోల్లో గేబ్ బ్రౌన్ ఉండే ఉంటారు. నార్త్ డకోటా రాష్ట్రంలో బిస్మార్క్ దగ్గర ఆయన వ్యవసాయం. 1995 నుంచి నాలుగేళ్లు వరసగా వడగళ్లు, కరవు. చేతిలో డబ్బు లేక ఎరువులు, మందులు తగ్గించుకుంటూ వచ్చారు. అంటే ఆయనా సరదాకి మారలేదు. కానీ అక్కడ చలికాలం నేల గడ్డకడుతుంది, మన పరిగిలో ఏప్రిల్, మేలో మాడుతుంది. ఇంకో సంగతి కూడా వీడియోల్లో సరిగా కనబడదు. అమెరికాలో దున్నకుండా పండించేవాళ్లలో చాలామంది కలుపును గ్లైఫోసేట్ లాంటి మందులతోనే చంపుతారు. నాగలి మానేసి డబ్బా మందు పట్టుకోవడం నాకైతే సంబరంగా అనిపించదు.

పైగా ఎర్ర చెలక గుణం వేరు. వాన పడి ఆరిందంటే పైపొర పెళుసుగా బిగుసుకుంటుంది. పైన ఆకూ అలమూ ఏమీ లేకుండా దున్నడం ఆపేస్తే నీళ్లు ఇంకవు, పైనుంచే జారిపోతాయి. కాబట్టి ముందు నేల మీద ఆకూ గడ్డీ కప్పు, ఆ తర్వాతే దుక్కి తగ్గించడం. ఇప్పటికైతే రోటవేటర్‌తో పదేపదే పిండి చేయడం ఆపి, వాలుకు అడ్డంగా దున్నితే చాలు. గుంటుక తోలడం మానక్కర్లేదు.

మీ చేను ఏడాదిలో ఎన్ని నెలలు బోడిగా ఎండుతోందో నాన్నగారిని అడగండి. జనవరిలో ఆఖరి పత్తి ఏరి, కట్టె పీకి కాలబెట్టి, మళ్లీ జూన్ దాకా ఏమీ ఉండదు కదా. నా లెక్కలో అసలు జబ్బు అదే. ఈసారి ఆ ఎకరంలో కట్టె కాల్చకుండా ష్రెడర్‌తో ముక్కలు చేయించండి. గట్టు మీద కుప్పగా మాత్రం పెట్టకండి, పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుంటుంది.

ఆవులు కొనకండి. నగరంలో ఉద్యోగం చేస్తూ ఆవును ఎవరు చూస్తారు? మార్చిలో, ఏప్రిల్‌లో మీ ఊళ్ల మీదుగా గొర్ల మందలు వస్తాయి. కొన్ని రాత్రులు చేనులో మంద పెట్టించండి. డబ్బో ధాన్యమో ఇస్తే కురుమలు, గొల్లలు ఒప్పుకుంటారు. రోజూ మందను కొంచెం పక్కకు జరిపితే పెంట, మూత్రం ఎకరమంతా పడతాయి. రాంచ్‌ల వాళ్లు కరెంటు కంచెలు పెట్టి పశువులను ఒకచోట నుంచి ఇంకోచోటికి కదిలించే పనికి ఇది దగ్గరే. ఇది మీ నాన్నగారికి మీకంటే బాగా తెలిసి ఉంటుంది.

తర్వాత మే నెలలో, పొడి నేలలోనే, నవధాన్యాలు వేయండి. జొన్న, సజ్జ, పెసర, అలసంద, నువ్వు, ఆముదం, జనుము, ఇంకా ఇంట్లో దొరికినవి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ వెంట ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవాళ్లు ఈ పనికి పేరు తెచ్చారు. వాళ్ల కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ ఫౌండేషన్ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. విత్తనానికి బంకమట్టి, బూడిద, బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు) పట్టించి చల్లి, పైన గడ్డి కప్పుతారు. ఒక్క మంచి జల్లు పడితే మొలుస్తాయి. నెలన్నరకు కోసి అక్కడే పరచండి. అప్పటికి పత్తి అదును దాటుతుంది కాబట్టి ఆ ఎకరంలో ఈ ఏడు పత్తి ఆశ వదులుకుని జొన్న, కంది కలిపి వేయండి. మిగతా మూడెకరాల్లో కూడా ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పెట్టమని నాన్నగారిని బతిమాలండి. కంది ఆకు రాలినంత మేర నేలకు లాభమే.

ఒక చిక్కుంది. వేసవిలో ఊళ్లో పశువులను, మేకలను వదిలేస్తారు. పచ్చగా కనబడేది మీ ఎకరమొక్కటే అయితే వారంలో నాకేస్తాయి. నేను వికారాబాద్ వైపు వ్యవసాయ శాఖలో పనిచేసినప్పుడు నవధాన్యాల గురించి మీటింగ్ పెడితే రైతులు మొదట అడిగింది ఎరువు సంగతి కాదు, ‘మేకలను ఎవరు ఆపాలి మేడమ్’ అనే. ముళ్లకంపతో కంచె వేయించుకోండి, లేదా పక్క చేల వాళ్లను కూడా ఒప్పించండి. రెండోది కష్టం, కానీ ఒకసారి కుదిరితే ఏటా పనికొస్తుంది.

మంద పెట్టించకముందే మట్టి పరీక్ష చేయించండి. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు తీసిన మట్టిని కలిపి, రైతు వేదికలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి ఇవ్వండి. సేంద్రియ కార్బన్, అంటే కుళ్లిన ఆకూ పెంటా నుంచి మట్టిలో చేరే కర్బనం, 0.5 శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క, మీది అలాగే ఉంటుందనుకుంటున్నాను. మూడేళ్ల తర్వాత అవే చోట్ల మళ్లీ తీయండి. మధ్యలో ఏటా చూసి టెన్షన్ పడకండి, అది అంత తొందరగా కదలదు.

ఇదంతా మొదలుపెట్టేలోపు ఒక ఆదివారం నాన్నగారిని జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ తీసుకెళ్లండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు బోరు లేని నేలల్లో చిరుధాన్యాలు, పప్పులు కలిపి పండిస్తారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ముందుగా అడిగి వెళ్లండి. అక్కడ మీరు తక్కువ మాట్లాడండి, నాన్నగారిని ఆ అమ్మలతో మాట్లాడనివ్వండి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్‌లో ‘రీజెనరేటివ్’ అని రాసిన కందిపప్పు ప్యాకెట్ ధర చాలా ఎక్కువ ఉంది. కొనవచ్చా?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: అమ్మా, ఆర్గానిక్ అయితే జైవిక్ భారత్ ముద్ర చూసి కొంతైనా తేల్చుకోవచ్చు. ‘రీజెనరేటివ్’ అనే మాటకు మన దేశంలో అలాంటి ప్రభుత్వ ముద్ర లేదు. ఏ ఊరి రైతులు పండించారో, ఆ చేలల్లో ఏం మారిందో ప్యాకెట్ మీద రాసుంటే కొనండి. ఆకుపచ్చ ఆకు బొమ్మ ఒక్కటే ఉంటే మామూలు పప్పే తెచ్చుకోండి.