అద్దకం దారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: చిలపలో (వలయంగా చుట్టిన దారం కట్టలో) కనిపించిన రంగు అల్లికలోనో నేతలోనో మరోలా ఎందుకు తేలుతోందని. అందుకే ముందు దాన్నే తీసుకున్నాం.

ఊలు చిలపకు నేనే నాలుగు రంగులు అద్దుకున్నాను. చిలపగా ఉన్నప్పుడు చాలా బాగుంది. స్వెటర్ అల్లుతుంటే మాత్రం నీలం ఒకచోట, పసుపు మరోచోట పెద్ద మరకల్లా పోగుపడుతున్నాయి. అద్దకంలో తప్పు చేశానా?

లేదు. మీ వరుస పొడవూ రంగు పొడవూ అనుకోకుండా కలిశాయి, అంతే. చిలపను పరిచి అడ్డంగా రంగులు అద్దినప్పుడు, దాని చుట్టుకొలత ఎంతో అంత దూరానికోసారి ప్రతి రంగూ తిరిగి వస్తుంది. వరుసకు పట్టే ఊలు పొడవు ఆ దూరానికి దగ్గరగా ఉంటే నీలం మీద నీలమే వచ్చి పడుతుంది.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. స్వెటర్‌కు వాడబోయే సూదులతోనే చిన్న నమూనా అల్లండి. మధ్యలో 20 కుట్లు లెక్కపెట్టి, రెండు చివర్లా ఊలుకు గుర్తుగా దారం కట్టి, విప్పి కొలవండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అంటే కుట్టుకు 1.8 సెంటీమీటర్లు. చిలప చుట్టుకొలత 150 సెంటీమీటర్లయితే 83 కుట్లకోసారి రంగులు మొదటికి వస్తాయి. గుండ్రంగా 83 కుట్ల మీద అల్లితే రంగులు నిలువు పట్టీలుగా నిలబడతాయి. 80 కుట్లయితే ప్రతి చుట్టుకూ మూడు కుట్లు జరుగుతూ ఏటవాలు చారలు వస్తాయి. అటూ ఇటూ తిప్పి అల్లే పనిలో 41, 42 కుట్ల దగ్గర జాగ్రత్త పడాలి. అక్కడ వెళ్లే వరుస, వచ్చే వరుస కలిపి ఒక ఆవృత్తి అవుతుంది కాబట్టి రెండు అంచుల దగ్గరా రంగు గుంపుకడుతుంది, నడుమ మాత్రం సన్నటి అడ్డచారలు పడతాయి. మీరు పంపిన వివరాల్ని బట్టి చూస్తే మీకు జరిగింది ఇదే.

అల్లిక విప్పదలచుకుంటే రెండు చిలపలు తీసుకుని, రెండేసి వరుసలకోసారి ఒకదాని నుంచి ఇంకోదానికి మారండి. గుంపులు చెదరడానికి ఇంతకంటే నమ్మకమైన దారి మాకు తెలియదు. చంకల దగ్గర, మెడ దగ్గర కుట్లు తగ్గించినప్పుడు రంగుల తీరు మళ్లీ మారుతుంది కాబట్టి చివరిదాకా రెండు చిలపలతోనే వెళ్లాలి. విప్పడం ఇష్టం లేకపోతే, అల్లడం పూర్తయ్యాక మొత్తం స్వెటర్‌కు పలుచటి రంగు ఒకటి పట్టించవచ్చు. ఊలు బరువులో 0.2 శాతం రంగుపొడి చాలు. నీలం, పసుపు రెండూ ఒక ఛాయలోకి వచ్చి మరకల పదును తగ్గుతుంది.

ఇకముందు అద్దేటప్పుడు, చిలపను 3 మీటర్లకు తక్కువ కాని చుట్టుకొలతతో చుట్టుకోండి. లేదా ఒక్కో రంగును 5 నుంచి 8 సెంటీమీటర్లకు మించనీయకండి. మరీ పొడవూ మరీ పొట్టీ రెండూ ఫరవాలేదు. చిక్కంతా మధ్యరకంతోనే.

నూలు చిలపలను వెనిగర్ నీళ్లలో ముంచి, రంగు వేసి గంటసేపు ఆవిరి పట్టాను. ఉతికితే దాదాపు తెల్లగా వచ్చాయి. రంగు పాతదా?

రంగు మంచిదే. అది నూలుకు పనికిరాని రంగు. వెనిగరూ వేడీ యాసిడ్ రంగులకు కావాలి. అవి ఊలు, పట్టు, నైలాన్ మీదే నిలుస్తాయి. నూలు, నార, విస్కోస్‌లకు ప్రోసియన్ ఎం.ఎక్స్. వంటి ఫైబర్ రియాక్టివ్ రంగులు (పోగుతోనే రసాయన బంధం కలిపేవి), వాటికి సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ఉండాలి. వంట సోడా దాని పని చేయలేదు. పాలియెస్టర్‌కు ఈ రెండు రకాలూ అంటవు. ఊలూ నైలానూ కలిసిన సాక్సు దారానికి యాసిడ్ రంగు హాయిగా పడుతుంది. నూలూ ఊలూ కలిసిన దారానికి యాసిడ్ రంగు వేస్తే ఊలు మాత్రమే రంగెక్కి, నూలు తెల్లగా మిగులుతుంది. కొందరు ఆ చుక్కల అందం కోసమే అలా చేస్తారు, మంచి ఆలోచన.

రంగు పట్టే ముందు నూలును సోడా యాష్, సబ్బు వేసిన నీళ్లలో గంట నుంచి రెండు గంటలు ఉడకబెట్టండి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. ఆ మైనం, జిడ్డు పోకపోతే ఎంత మంచి రంగైనా మచ్చలు మచ్చలుగానే పడుతుంది. పాత్ర స్టీలుదో ఎనామెల్‌దో కావాలి, అల్యూమినియం వద్దు. అద్దకానికి వాడిన పాత్ర మళ్లీ వంటకు వాడకూడదు.

రంగుపొడి ఎంత వేయాలో ప్రతిసారీ అంచనాగానే వేస్తున్నాను. ఒకసారి వచ్చిన ఛాయ మళ్లీ రావడం లేదు.

చెంచాలతో కొలవడం మానేయండి. రంగుపొడులు ఒక్కొక్కటి ఒక్కో సాంద్రతతో ఉంటాయి. నలుపు చెంచాడూ, పసుపు చెంచాడూ తూకంలో ఒకటి కావు. ఒక గ్రాము పొడిని కొద్దిగా నీళ్లలో ముద్దలా కలిపి, తర్వాత 100 మిల్లీలీటర్లకు పెంచండి. ఇది ఒక శాతం ద్రావణం. ఇక లెక్క తేలిక: పొడిదారం బరువును కావలసిన శాతంతో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 100 గ్రాముల దారానికి రెండు శాతం ఛాయ కావాలంటే 200 మిల్లీలీటర్లు. లేతకు అర శాతం లోపు, మధ్యరకానికి ఒకటి, ముదురుకు రెండు మూడు, నలుపుకు నాలుగు నుంచి ఆరు శాతం పడుతుంది. తడిగా ఉన్నప్పుడు ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి, ఆరిన నమూనా ముక్కను లెక్కతో పాటు పుస్తకంలో అంటించుకోండి.

పొడి తూచేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ముఖ్యంగా రియాక్టివ్ రంగుల పొడి ఊపిరితో లోపలికి పోతే, శరీరానికి అది శాశ్వతంగా పడకుండా పోయే ప్రమాదం ఉంది. తూకం చేసే చోట తడి కాగితం పరిస్తే లేచిన పొడి దానికి అంటుకుంటుంది.

నేత మొదలుపెట్టి కొన్నాళ్లయింది. పడుగుకే (నిలువు పోగులకే) రంగులు అద్ది నేయాలని ఉంది. మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చెప్పండి.

ఒక కండువా లెక్కతో చెబుతాం. తయారైన పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 25. నేతలో కుదింపు, ఉతుకులో కుదింపు కలిపి మరో 30, మగ్గం మీద నేతకు అందకుండా మిగిలిపోయే భాగానికి 75, కొంచెం చేయిజారు కలిపితే పడుగు 2.9 మీటర్లు. రెండు పోగుల పురి ఉన్న 8 నంబరు నూలు అంగుళానికి 24 పోగుల చొప్పున 240 పోగులు. మొత్తం సుమారు 700 మీటర్లు, బరువు 100 గ్రాముల పైచిలుకు. రంగు ద్రావణం ఈ బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే 150 మిల్లీలీటర్లు చేసుకుంటే సరిపోతుంది. రెండు శాతం గాఢత బాగుంటుంది.

పడుగు పోసేటప్పుడు పోగులు ఒకదానినొకటి దాటే కత్తెరను నాలుగు వైపులా, మధ్యలోనూ లావుపాటి నూలు దారంతో వదులుగా కట్టండి. తర్వాత ప్రతి 50 సెంటీమీటర్లకూ ఒక కట్టు. ఇవన్నీ వదులే. గట్టి బిగింపు ఒక్కటే వేయాలి, అది కత్తెర పక్కన, నేతలోకి రాని భాగంలో ఉండాలి. దాని కింద రంగు దూరక తెల్లగా మిగులుతుంది. ఆ బిగింపు లేకపోతే మాత్రం పోగులు జరిగిపోయి, రంగు హద్దులు మీకు తెలియకుండానే చెదిరిపోతాయి.

సోడా యాష్ లీటరుకు 50 గ్రాములు కరిగించి, పడుగును అరగంట నానబెట్టి, గట్టిగా పిండండి. నీళ్లు కారుతుంటే రంగులు ఒకదానిలోకి ఒకటి పారతాయి. బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, పడుగును వెడల్పుగా, పలుచగా సర్దండి. నురగ బ్రష్‌తో రంగు పెట్టి, గ్లవ్స్ వేసుకున్న వేళ్లతో నొక్కుతూ లోపలికి పంపించాలి. తర్వాత ఆ చోటును పైకెత్తి అడుగు చూడండి. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇక్కడే. పైన నిండుగా కనిపిస్తుంది, అడుగున సగం పోగులు తెల్లగానే ఉంటాయి, మగ్గం మీదికి వెళ్లాక అవి బూడిద చుక్కల్లా బయటపడతాయి. తిప్పి రెండో వైపు కూడా అద్దండి.

రంగులకు సరిపడా సోడా పడుగులోనే ఉంది. బ్రష్ ముంచే గిన్నెలో సోడా కలపకండి. కలిపితే రంగు నీళ్లతోనే చర్య జరిపి, గంటలోపే చాలావరకు బలం పోగొట్టుకుంటుంది. హద్దులు కొంచెం పదునుగా కావాలంటే సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురుపొడి) లీటరుకు 10 గ్రాములు నీళ్లలో చల్లి రాత్రంతా నానబెట్టి, ఆ జిగురును రంగులో కలపండి. నారింజ పక్కన నీలం, ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే కలిసిన చోట మట్టిరంగు పుడుతుంది. వాటి మధ్య వేలి వెడల్పు ఖాళీ వదలండి, లేదా ఇద్దరికీ చుట్టమైన ఒక రంగును నడుమ పెట్టండి. మాకైతే రెండో దారే ఇష్టం, ఎందుకంటే నేతలో ఆ మెల్లని మార్పే అందం.

ఇక ప్లాస్టిక్ అంచులు మూసి, పైపొర కింద పొర తగలకుండా చుట్టి, 25 డిగ్రీల వెచ్చదనంలో 24 గంటలు ఉంచండి. 20 డిగ్రీలు దాటని చోట చర్య నెమ్మదిస్తుంది, రంగు పాలిపోతుంది.

ఉతికేటప్పుడు పడుగును గొలుసులా అల్లుకుని నీళ్లలో ముంచి నొక్కండి, జాడించకండి. ఆరబెట్టేటప్పుడు అడుగున కాస్త బరువు కట్టండి. ఒంటిపోగు నూలైతే గంజి పెట్టకుండా మగ్గం ఎక్కించవద్దు. ఉడకబెట్టడంలో, ఉతుకులో పోగు నూగు లేచి ఉంటుంది, పన్నె (మగ్గం మీద పోగులు దూరే దువ్వెన) దగ్గర పటపటా తెగుతుంది. పడుగును దోనెకు (మగ్గం మీద పడుగు చుట్టే దుంగకు) చుట్టేటప్పుడు అన్ని కట్టలకూ ఒకే లాగుడు ఉండాలి. ఒక కట్ట రెండు సెంటీమీటర్లు జారినా రంగు హద్దు మెట్టులా విరుగుతుంది. ఆ మెట్లే కావాలనుకుంటే, అంగుళానికో కట్టను ఐదు సెంటీమీటర్ల చొప్పున కావాలనే జరపండి.

పడుగు అద్దకం అద్భుతంగా వచ్చింది. తెల్ల పేకతో (అడ్డపోగుతో) నేస్తే రంగులన్నీ వెలసినట్టున్నాయి.

సాదా నేతలో పడుగు పోగులెన్నో పేక పోగులన్నే ఉంటే, గుడ్డ మీద సగం మీ పేకే కనిపిస్తుంది. తెల్ల పేక అంటే ప్రతి రంగులోనూ సగం తెలుపు కలిపినట్టు. మిగిలిన పడుగుకు పేకను సన్నగా చేసి, మీ రంగుల్లో మధ్యరకం ముదురుదనం ఉన్న ఒకదాన్ని ఎంచుకోండి. నలుపు పెడితే రంగులు లోతుగా మెరుస్తాయి, కానీ పసుపు మురికిపడుతుంది.

ఇకముందు పోగుల సాంద్రత పెంచండి. దారాన్ని స్కేలు మీద ఒక అంగుళం మేర పక్కపక్కనే చుడితే 24 చుట్లు పట్టిందనుకోండి. సమానమైన సాదా నేతకు అందులో సగం, 12 పోగులు. అద్దిన పడుగుకు 16 నుంచి 18 పెట్టండి. పడుగు పోగు మూడు పేక పోగుల మీద, ఒకదాని కింద వెళ్లే ట్విల్ (ఏటవాలు గీతల నేత) నేసినా పైవైపు ముప్పావు వంతు పడుగే కనిపిస్తుంది.

నెమలి నీలం ఎన్నిసార్లు ఉతికినా దిగుతూనే ఉంది. ఉప్పు నీళ్లలో నానబెడితే ఆగుతుందా?

ఆగదు. పోగుతో బంధం కలవని రంగును ఉప్పు పోగు మీదే అంటిపెట్టి ఉంచుతుంది, మీకు కావలసింది దానికి వ్యతిరేకం. ముందు చల్లటి నీళ్లలో సోడా పోయేదాకా జాడించండి. తర్వాత 60 డిగ్రీలు దాటిన వేడి నీళ్లలో నాలుగు చుక్కల సబ్బుతో నానబెట్టి, నీళ్లు మార్చుతూ ఉండండి. మిగిలిపోయిన రంగును వదిలించేది వేడే. చల్లటి నీళ్లతో పదిసార్లు ఉతికినా రానిది వేడి నీళ్లతో రెండు మూడుసార్లకు వస్తుంది. రియాక్టివ్ రంగుల్లో నెమలి నీలం మిగతావాటికంటే నిదానంగా పని చేస్తుంది, దానికి ఎక్కువ వెచ్చదనం, ఎక్కువ సమయం ఇవ్వాలి. పూర్తిగా పోయిందో లేదో తేల్చుకోవడానికి, తడి దారాన్ని తడి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి.

ఇదే ఇబ్బంది ఊలుతో వస్తే మందు వేరు. వేడో, పులుపో చాలలేదన్నమాట. కొంచెం నిమ్మ ఉప్పు వేసిన నీళ్లలో మళ్లీ పెట్టి, 85 నుంచి 95 డిగ్రీల మధ్య అరగంట ఉంచండి. పట్టు అయితే 85 దాటనివ్వకండి, మెరుపు తగ్గుతుంది.

ఊలు చిలప ఉడికాక అట్టలా ముద్దకట్టింది. బాగుచేయవచ్చా?

ముద్దకట్టిన ఊలు తిరిగి రాదు. వేడిలో కలియబెట్టడం, వేడి నుంచి ఒక్కసారిగా చన్నీళ్లలో వేయడం దీనికి కారణాలు. చల్లని నీళ్లలోనే చిలపను దించి, అరగంట పైగా తీసుకుని మెల్లగా వేడిచేయండి. రంగు పోసేటప్పుడు చిలపను పక్కకు ఎత్తి, పోశాక దించండి. నీళ్లు తేటపడ్డాయంటే రంగంతా ఊలు పీల్చుకున్నట్టే. అప్పుడు పొయ్యి ఆపి, అదే పాత్రలో పూర్తిగా చల్లారనివ్వండి. సూపర్‌వాష్ ఊలుకు (ఉతుకులో ముద్దకట్టకుండా ముందే శుద్ధి చేసినదానికి) ఆ బెడద తక్కువ. కానీ అది రంగును చాలా త్వరగా లాగేస్తుంది కాబట్టి ఒకేసారి పోయకుండా మూడు విడతలుగా పోయండి.

చిలపలో నాలుగైదు చోట్ల తెల్ల గీతలు వస్తున్నాయి. ఎందుకు?

కట్లు బిగిశాయి. తడిస్తే పోగు ఉబ్బుతుంది, పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న కట్టు అప్పుడు బిగుసుకుంటుంది. నాలుగు చోట్ల ఎనిమిది అంకె ఆకారంలో, లోపల రెండు వేళ్లు పట్టేంత వదులుగా కట్టండి. రంగు పెట్టేటప్పుడు ఒకసారి కట్లను పక్కకు జరిపి ఆ చోట్లను కూడా తడపండి.