కోబాన్ వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

నువ్వు గ్వాటెమాలా వెళ్తున్నావనీ, అదీ కోబాన్‌లో ఒక క్రైస్తవ పాఠశాలలో ఇంగ్లీషు టీచరుగా చేరుతున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో ఆ ఊరి పేరు తిన్నగా పలకగలిగేది నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నాళ్లూ ఉన్నాను. నాకు జోడీ దొరికింది. గర్వంగా ఉంది తల్లీ. కోపం కూడా వచ్చింది. అక్కడ పనిచేసి వచ్చిన మనిషి గుంటూరులో బతికే ఉండగా, ఒప్పందం మీద సంతకం పెట్టేశాక కబురు చేస్తావా? అంతా ఫోనులో వెతుక్కున్నావట. ఫోను చెప్పనివి రాస్తున్నాను, ఓపికగా చదువు.

కాగితాల సంగతి ముందు తేల్చేద్దాం. డిగ్రీ, బీఎడ్ పట్టాలకూ పోలీసు ధ్రువపత్రానికీ, విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర వేయించుకో. గ్వాటెమాలా సిటీలో మన రాయబార కార్యాలయం ఉంది, దిగిన వారంలోనే అక్కడ పేరు నమోదు చేయించు. జీతం దగ్గర మొహమాటపడకు. అక్కడి చట్టం ప్రకారం నెలజీతాలు కాక జూలైలో బోనో కతోర్సే అనీ, డిసెంబరులో అగినాల్దో అనీ ఏటా మరో రెండు నెలల జీతం ఇవ్వాలి. నీ ఒప్పందంలో అవి ఉన్నాయో లేవో చూసుకో. దేవుని పని కదా, డబ్బు మాట ఎత్తితే ఏమనుకుంటారో అని ఊరుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు. ఇంటి అద్దె వసూలు చేసే ఆవిడ దేవుని పని అని తగ్గించదు.

బట్టలు. మధ్య అమెరికా అనగానే ఎండలనుకుని నూలు చుడీదార్లు సర్దుతున్నావేమో. కోబాన్ 1,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చిపి చిపి అంటారు అక్కడి తుంపరను, రోజుల తరబడి పడుతూనే ఉంటుంది. ఉతికిన బట్ట ఆరదు, పుస్తకాలకు బూజు పడుతుంది, చెప్పులకు కూడా పడుతుంది. రెండు స్వెట్టర్లు, త్వరగా ఆరే బట్టలు చాలు. గొడుగు ఇక్కడ కొనకు, అక్కడే దొరుకుతుంది.

ఆ తుంపర వల్ల ప్రమాదమేమీ లేదు. నా భయమల్లా పెద్ద వాన గురించి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనప్పుడు నేనూ మీ నాన్నా చిన్నపిల్లలం. ఆ రాత్రి సంగతి ఆయన నీకెప్పుడైనా చెప్పాడేమో నాకు తెలియదు. చెప్పకపోతే అడగకు. నవంబరులో వాన చప్పుడు వింటే నాకు ఈ వయసులోనూ నిద్ర పట్టదు. కోబాన్‌లో సముద్రం లేదు కదా అని మొదట్లో ధైర్యంగా ఉండేదాన్ని. కానీ అక్కడ కొండే కిందికి వస్తుంది. 2020 నవంబరులో ఈటా తుఫాను వచ్చినప్పుడు, కోబాన్‌కు దగ్గర్లోని సాన్ క్రిస్తోబల్ వేరాపాస్ ప్రాంతంలో కెహా అనే పల్లె కొండచరియల కింద పూడిపోయింది. ఆ వార్త చూసిన రోజు నేను అన్నం తినలేదు. అందుకని చెబుతున్నాను, అద్దెకు ఇల్లు చూసేటప్పుడు ముందున్న వరండా, పూలకుండీలు చూసి మురిసిపోకు. ఇంటి వెనక్కి వెళ్లు. గోడ వెనక తవ్విన మట్టికట్ట కనబడితే, అద్దె ఎంత తక్కువైనా వద్దను. మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం. నిన్నటి నుంచి ఆగకుండా కురుస్తోందంటే పల్లెల్లో ప్రార్థన కూటమైనా సరే, మైక్రోబస్సు ఎక్కకు. నువ్వు రాలేదని దేవుడు అలగడు.

ఇక బడి. జనవరిలో తెరుస్తారు, అక్టోబరులో మూస్తారు. కాఫీ కోతలు సరిగ్గా ఆ సెలవుల్లోనే పడతాయి, పిల్లలు చాలామంది తోటల్లోకి పోతారు. నిన్ను అందరూ సెన్యో అని పిలుస్తారు. ఆ పిలుపు నాకు ఎంత అలవాటైందంటే, తిరిగొచ్చాక ఇక్కడ పిల్లలు మేడమ్ అంటే వెనక ఎవరున్నారా అని చూసేదాన్ని. నూటికి అరవై వస్తేనే పాసు. జాతీయ గీతం చాలా పొడుగు, ముందుగానే నేర్చుకుని వెళ్లు, పెదవులు కదిలిస్తే పిల్లలు పట్టేస్తారు. సెప్టెంబరులో స్వాతంత్ర్య దినానికి ముందురోజు పిల్లలు కాగడాలు పట్టుకుని రోడ్ల వెంట పరుగెడతారు, నిన్నూ పరుగెత్తమంటారు, మంచి బూట్లు ఉంచుకో. జూన్ 25 టీచర్ల రోజు. కేకులూ పాటలూ బాగానే ఉంటాయి గానీ ఆ తేదీ ఎందుకో తెలుసుకుని కేకు కొయ్యి. 1944లో అదే రోజున, ఉబీకో అనే నియంతకు ఎదురుగా ఊరేగింపులో నడుస్తూ మరియా చించీయా అనే టీచరు తూటాకు బలైంది. మన దగ్గర సెప్టెంబరు 5న పూలదండలు వేసుకోవడానికి అలవాటుపడిన నాకు ఆ తేదీ కొంచెం బరువుగా తోచేది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను.

నాతో పాటు ఒక టీచరు ఉండేవాడు. మరో దేశం నుంచి వచ్చినవాడు, భక్తిపరుడు, పిల్లలంటే ప్రాణం. నీలాగే ఉత్సాహవంతుడు. చేరిన మొదటి ఏడాదే నాలుగో తరగతి పిల్లలకు వంశవృక్షం గీసే పని ఇచ్చాడు. అందమైన చెట్టు బొమ్మ, కొమ్మకొక గడి. తాతయ్య పేరు, నానమ్మ పేరు, ఏ ఊరివాళ్లు, ఏ సంవత్సరం పోయారు, ఎలా పోయారు. ఇంటికి తీసుకెళ్లి పెద్దవాళ్లను అడిగి నింపుకుని రండి, తరగతిలో చదువుదాం అన్నాడు. ఏ దేశంలోనైనా టీచర్లు ఇచ్చే పనే. నేను కూడా చూసి చెట్టు బాగుందన్నాను.

మర్నాడు సగం కాగితాలు ఖాళీగా వచ్చాయి. పిల్లలు బద్ధకించారనుకుని మార్కులు కోశాడు. ఒక కుర్రాణ్ణి లేపి, మీ తాతయ్య పేరైనా తెలియదా అని అడిగాడు. వాడు నిలబడ్డాడు, అంతే. ఆ పై రోజు వాడి అమ్మ వచ్చింది, వెనకే కుచ్చుల పావడా కట్టుకున్న ముసలావిడ. ఆవిడకు స్పానిష్ రాదు, అక్కడి మూలవాసుల కెక్చీ భాష ఒక్కటే వచ్చు. ప్రిన్సిపాల్ గది ముందు బల్ల మీద కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు. అడిగింది ఒక్కటే ప్రశ్న: ఈ పేర్లు ఎవరు అడగమన్నారు? ఆ కాగితాలు ఎవరికి పంపుతారు?

మా టీచరుకు అర్థం కాలేదు, నాకూ వెంటనే కాలేదు. ఆ దేశంలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచింది. చచ్చిపోయినవాళ్లూ, మాయమైనవాళ్లూ కలిపి రెండు లక్షలకు పైనేనని 1999లో సత్యశోధన సంఘం లెక్క తేల్చింది. ఎవరన్నది తెలిసినవాళ్లలో నూటికి ఎనభై ముగ్గురు మాయా అనే మూలవాసీ జాతుల ప్రజలు. ఆ ఏళ్లలో సైన్యం మనుషులు పల్లెలకు పేర్ల జాబితాలు పట్టుకుని వచ్చేవారు. ఎవరి ఇంట్లో ఎవరు, ఎవరి కొడుకు ఎక్కడ అని అడిగేవారు. అడిగిన కొద్ది రోజులకు మనిషి ఉండేవాడు కాదు. తాతయ్య ఎలా పోయాడని నాలుగో తరగతి పిల్లాడు ఇంటికెళ్లి అడిగితే, ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో ఊహించుకో.

టీచరు ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ అడిగాడు. ఆవిడ తల ఊపి, మనవడి కాగితం అడిగి తీసుకుని, మడిచి నడుముకు దోపుకుని వెళ్లిపోయింది. మరుసటి జనవరిలో ఆ పిల్లాడు మా బడికి రాలేదు. ఊరి పక్కన ఒక పాత సైనిక స్థావరం ఉంది. దాని ప్రహరీ పక్కనుంచి నేను ఎన్నిసార్లో బస్సులో వెళ్లాను. 2012లో లోపల తవ్వకాలు మొదలుపెడితే ఐదు వందల మందికి పైగా మనుషుల అవశేషాలు బయటపడ్డాయి. ఇక్కడ గుంటూరులో కూర్చుని ఆ వార్త చదివాక, ఆ ముసలావిడ అడిగిన ప్రశ్న నాకు మళ్లీ వినబడింది.

కాబట్టి, ఎవరి ఇంటి గతమూ అడగకు. కుటుంబం గురించి పాఠం చెప్పాల్సి వస్తే, మీ నానమ్మ ఏం వండుతుంది, ఏం నేస్తుంది అని అడుగు. బోలెడు చెబుతారు. మిగతాది వాళ్లు చెప్పాలనుకున్న రోజున చెబుతారు, ఆ రోజు నువ్వు చేతిలో కలం లేకుండా విను.

ఇంకొకటి, దీనికి దగ్గరిదే. నువ్వు కనబడిన ప్రతి పసిబిడ్డనూ ఎత్తుకుంటావు, ఫోటో తీస్తావు. అక్కడ ఆ పని చేయకు, ప్రార్థించి చెబుతున్నాను. విదేశీయులు పిల్లలను ఎత్తుకుపోతారన్న పుకారు ఆ కొండల్లో పాతది. 1994లో సాన్ క్రిస్తోబల్ వేరాపాస్‌లోనే ఆ పుకారు నమ్మి ఒక అమెరికన్ మహిళను జనం చావగొట్టినంత పని చేశారు. 2000లో తోదోస్ సాంతోస్ అనే ఊళ్లో ఇదే అనుమానంతో ఒక జపాన్ యాత్రికుణ్ణి, బస్సు డ్రైవరును చంపేశారు. తల్లి తనంతట తాను బిడ్డను నీ చేతికి అందించే దాకా చేతులు కట్టుకుని ఉండు. ఫోటో లేకపోతే ఇక్కడ మీ అమ్మకు ఏమీ లోటు లేదు.

మందిరం సంగతి. వాళ్లకు దేవుణ్ణి తీసుకెళ్తున్నాననుకోకు, ఆయన నీకంటే ముందే చేరాడు. కెక్చీలో బైబిలుంది, పాటలున్నాయి, వినడం నేర్చుకో. నువ్వు ఏ సంఘానివని అడుగుతారు. జవాబు చెప్పి ఊరుకో, వాదన పెట్టుకోకు. 1982లో గద్దెనెక్కి, ఆదివారాలు టీవీలో నీతులు బోధించిన సైనిక పాలకుడు రియోస్ మోంట్ ఎవాంజెలికల్ సంఘస్థుడే. అతని పదిహేడు నెలల పాలనలో జరిగిన చావులకు 2013లో కోర్టు అతణ్ణి దోషి అంది, పది రోజులకే మరో కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఒకప్పుడు కోబాన్ ఉన్న ఈ వేరాపాస్ ప్రాంతానికే బిషప్‌గా ఉన్న హువాన్ హెరార్డి, యుద్ధంలో జరిగినవాటి మీద నివేదిక వెలువరించిన రెండు రోజులకు, 1998 ఏప్రిల్ 26న హత్యకు గురయ్యాడు. బైబిలు చంకన పెట్టుకుని వచ్చిన విదేశీయురాలిని ముసలివాళ్లు కొంతకాలం ఊరికే చూస్తారు. చూడనీ.

తిండికి బెంగపెట్టుకోకు. చిలె కోబానెరో అని పొగలో ఎండబెట్టిన చిన్న మిరపకాయ దొరుకుతుంది, దాని ముందు మన గుంటూరు మిరప కూడా కాస్త వినయంగా ఉండాలి. నల్ల చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టెలు మూడు పూటలా తినాల్సి వస్తుంది, అలవాటవుతుంది. భోజనం ముగించి లేచేటప్పుడు అందరికీ ధన్యవాదాలు చెప్పాలి. కెక్చీ వాళ్లయితే బాన్‌త్యోష్ అను, ముఖాలు వికసిస్తాయి. తాగే నీళ్లు పెద్ద సీసాల్లో కొనుక్కో, కుళాయి నీళ్లు వద్దు.

యాలకులు మాత్రం ఇక్కణ్ణుంచి మోసుకెళ్లకు, నవ్విపోతారు. ప్రపంచంలో యాలకుల ఎగుమతిలో గ్వాటెమాలాదే పెద్ద చెయ్యి, అందులో ఎక్కువ భాగం నీ ఊరి చుట్టుపక్కల కొండల్లో పండేదే. మన దేశపు మొక్కను వందేళ్ల కిందట అక్కడికి తెచ్చినది జర్మన్ తోటల యజమానులు. పండించినవాళ్లు మాత్రం దాన్ని వంటలో వేయరు, చాలా వరకు అరబ్బు దేశాలకు పోతుంది. ఒకసారి నేను పరమాన్నంలో వేసి టీచర్లకు పెడితే, బస్తాలకొద్దీ యాలకులు ఎండబెట్టే ఇంటి పిల్ల, తినడానికా ఇవి అని అడిగింది. యాలకుల ధర పడిపోయిన ఏడాది ఫీజులు ఆలస్యమవుతాయి. అలాంటప్పుడు తరగతిలో ఆ పిల్లల పేర్లు చదవనివ్వకు, ఆఫీసుతో పోట్లాడైనా సరే.

నీ స్పానిష్ బజారుకు చాలు, తల్లిదండ్రుల సమావేశానికి చాలదు. మొదటి సమావేశానికి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో, సిగ్గుపడకు. సాయంత్రాలు దిగులు వేస్తుంది, ఐదారు గంటల వేళ మరీ. ఆ వేళకు కొండ మీది ఎల్ కల్వారియో గుడి మెట్లెక్కు, కాళ్లు నొప్పి పుడితే మనసు కాస్త నెమ్మదిస్తుంది. చీకటి పడకముందే దిగు. చీకటి పడ్డాక ఆటో ఎక్కు. అక్కడి ఆటోలు మన బజాజ్‌వే, ఎర్రగా పరుగెడుతుంటాయి, మొదటిసారి చూసినప్పుడు నేను ఏడ్చాను, నువ్వు నవ్వుకో.

మీ అమ్మ నీ పెళ్లి మాట ఎత్తి గోల చేస్తోందట. ఆవిణ్ణి నాకు వదిలెయ్యి. అక్టోబరులో బడి మూయగానే, నవంబరుకల్లా ఇక్కడికి వచ్చెయ్యి, టిక్కెట్టు డబ్బులో సగం నేను పెట్టుకుంటాను. ఆ నెలలో నువ్వు ఆ కొండల్లో ఉండటం నాకు ఇష్టం లేదు. బయల్దేరే ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇటు రా, నా కెక్చీ పాటల పుస్తకం ఇస్తాను, బూజు మరకలున్నా అక్షరాలు కనబడతాయి. స్వెట్టరు కొలత కూడా తీసుకోవాలి.

మీ అత్తయ్య