కొటేషన్లు చదివితే ఆత్మవిశ్వాసం నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది గానీ, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే కొటేషన్ల ఊపు సాయంత్రానికల్లా దిగిపోతుంది. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లోనే ఈ సంగతి తేల్చాడు: ‘నేను చేయగలను’ అనే నమ్మకానికి అన్నిటికంటే గట్టి ఆధారం మనం స్వయంగా చేసి గట్టెక్కిన పని, ఆ తర్వాత మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఉత్త మాటల బలం వీటికంటే తక్కువ. పుస్తకం పనికొచ్చేది ఆ రెండో దారిలోనే, అందుకే నేను సూక్తుల సంకలనాలు పక్కనపెట్టి ఆత్మకథలు చదవమంటాను, అందులోనూ ఆ మనిషి ఓడి దెబ్బతిన్న సంగతులు చెప్పే పేజీలు.

కలాం గారి ఆత్మకథే తీసుకోండి. పైలట్ అవుదామని డెహ్రాడూన్ వెళ్తే 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది, తీసుకున్నది ఎనిమిది మందినే! 1979 ఆగస్టు 10న ఆయన సారథ్యంలో తయారై శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మధ్యలో కలాం బృందం చేసింది, రాకెట్ రెండో దశలో యాసిడ్ ఎందుకు లీకైందో వెతికి సరిచేయడం. ఆ పేజీల దగ్గర ఆగి చదవండి.

చదివాక మీ పని ఒకటి, చిన్నదే, రాసుకోండి. గ్రూప్స్‌కి చదువుతుంటే నిన్నటి మాక్ టెస్టులో తప్పిన ఐదు లెక్కలు మళ్లీ చేయండి చాలు. వారాల తరబడి నిద్రే పట్టనంత టెన్షన్ ఉంటే మాత్రం పుస్తకం కాదు, డాక్టర్ని కలవాలి.