రెట్రో ఎలిమెంట్ల మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మొన్నటిదాకా నీట్ అంది. ఇప్పుడేమో డీఎన్‌ఏలో తమను తామే కాపీ చేసుకునే రెట్రో ఎలిమెంట్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అదంతా పనికిరాని డీఎన్‌ఏ అని ఎక్కడో చదివాను. దాన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ‘పనికిరాని’ అన్న మాట మనసులోంచి తీసేయండి. మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, దాదాపు 45 శాతం ఇలా చోటు మారే ముక్కలు, వాటి అవశేషాలే. అందులో ఎక్కువ భాగం రెట్రో ఎలిమెంట్లు. ఇవి ముందు ఆర్‌ఎన్‌ఏ నకలు తీసుకుంటాయి. ఆ నకలు తిరిగి డీఎన్‌ఏగా మారి మరోచోట అతుక్కుంటుంది. అసలుది ఉన్నచోటే ఉంటుంది కాబట్టి వాటి సంఖ్య పెరుగుతూ పోతుంది. ఆలూ అనే మూడొందల డీఎన్‌ఏ అక్షరాల ముక్క మనలో పది లక్షలకు పైగా చోట్ల ఉంది. ఎల్1 అనే ఇంకో రకం ఒక్కటే 17 శాతం. ఆ ఎల్1లలో ఇప్పటికీ కదలగలిగేవి వంద దాకా మాత్రమే. ఆ కొద్దిపాటివి కూడా జబ్బులు తేగలవు.

1988లో అమెరికాలో హేగ్ కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా-ఎ రోగుల్లో, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 జన్యువును పరిశీలించింది. ఇద్దరిలో ఆ జన్యువు మధ్యలో ఎల్1 ముక్క వచ్చి దూరింది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కొత్తగా చేరింది. మనుషుల్లో ఈ ముక్కలు ఇంకా కదులుతున్నాయని అలా తేలింది. ఇవి చెడే చేస్తాయనుకోకండి. తల్లి కడుపులో మాయ ఏర్పడటానికి తోడ్పడే సిన్సిటిన్ అనే ప్రొటీన్, ఎప్పుడో మన పూర్వీకుల జీనోమ్‌లో చేరిపోయి రెట్రో ఎలిమెంట్‌గా మారిన రెట్రోవైరస్ జన్యువు నుంచి వచ్చిందే. మీ అమ్మాయికి ఆసక్తి కలగడంలో వింతేమీ లేదు.

ఇక ఉద్యోగం సంగతి. ‘రెట్రో ఎలిమెంట్లు’ అని డిగ్రీ ఎక్కడా ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీలో గట్టి పునాది ఉంటే చాలు, ఈ అంశం పీహెచ్‌డీలో వస్తుంది. తిరుపతిలోని ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ మంచి దారి. బైపీసీ వాళ్లూ రాయొచ్చు. అయితే ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్‌లోని 60 ప్రశ్నల్లో 15 గణితానివి. మన బైపీసీ పిల్లలు నష్టపోయేది అక్కడే.

గణితం ఎంట్రెన్స్‌తో అయిపోయేదీ కాదు. డీఎన్‌ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ మెషీన్ ఇచ్చేవి చాలావరకు నూటయాభై అక్షరాల తునకలు. ఒక తునక ఆలూ నుంచి వస్తే, అదే పోలికతో జీనోమ్‌లో లక్షల చోట్లుంటాయి. ఇది ఏ చోటిదో తేల్చడానికి స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ కావాలి. ఈ రంగంలో గెలిచేదీ ఓడేదీ ఈ పనిలోనే అని నా గట్టి నమ్మకం. పైథాన్, లైనక్స్ చేతికి వస్తే, పరిశోధన కుదరకపోయినా సీక్వెన్సింగ్ ల్యాబులు, బయోఇన్ఫర్మాటిక్స్ కంపెనీలు ఉంటాయి. విత్తన సంస్థలను కూడా లెక్కలో వేసుకోండి. మొక్కజొన్న జీనోమ్‌లో 85 శాతం దాకా ఇవే ముక్కలు. బార్బరా మెక్‌క్లింటాక్ చోటు మారే జన్యువులను కనిపెట్టిందీ ఆ పంటలోనే. 1983లో ఆమెకు నోబెల్ వచ్చింది.

డబ్బు విషయం దాచను. ఎమ్మెస్సీ స్థాయి చదువు తర్వాత పీహెచ్‌డీకి ఐదారేళ్లు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే, 2023లో పెంచిన ప్రకారం మొదట నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆ తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, అదీ చాలామందికి విదేశాల్లోనే. శాశ్వత ఫ్యాకల్టీ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ముప్పై దాటేదాకా మీ అమ్మాయి సంపాదన మీద ఇంటి భారం పడకూడదు. మీ ఇంట్లో అది వీలవుతుందా లేదా అన్నది మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

నీట్ ప్రిపరేషన్ మాత్రం ఆపనివ్వకండి. ఎంబీబీఎస్, ఎండీ తర్వాత మెడికల్ జెనెటిక్స్ వైపు వెళ్లినా ఈ జబ్బుల దగ్గరికే చేరుతుంది.

ఆసక్తి ఎంత లోతో తెలుసుకోవడానికి ఒక పని చెప్పండి. జీనోమ్‌ను మ్యాపులా చూపే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ వెబ్‌సైట్ ఉచితం. అందులో ఎఫ్8 అని కొట్టి, కింద ఇలా పదేపదే వచ్చే ముక్కలను చూపే రిపీట్‌మాస్కర్ వరుసను పూర్తిగా తెరవమనండి. ఫ్యాక్టర్ 8 జన్యువు పొడవునా సైన్ (ఆలూ ఈ రకమే), లైన్ (ఎల్1 ఈ రకం), ఎల్‌టీఆర్ (రెట్రోవైరస్‌ల రకం) ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలుగా కనబడతాయి. ఒక ఆదివారం దాంతో గడిపి, వాటి గురించి మీకు విడమరిచి చెప్పగలిగితే, సోమవారం నుంచి రోజూ గంటసేపు ఇంటర్ మొదటి ఏడాది గణితం మొదలుపెట్టించండి.