రెండు నిమిషాలు ఆలస్యం

ప్రశ్న: మేడమ్, మెక్సికో సరిహద్దులో ఉన్న సియుదాద్ హువారెజ్‌లో వందలమంది ఆడవాళ్ళను చంపేశారని చదివాను. అది ఎవరో ఒక సైకో పనా, డ్రగ్స్ గ్యాంగుల పనా? చనిపోయినవాళ్ళకు కూడా ఆ గ్యాంగులతో ఏదో సంబంధం ఉండే ఉంటుందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మా, నీ ఫ్రెండ్స్ అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. ఆ ఊరి పోలీసులూ ఇంచుమించు అదే అన్నారు. కూతురు ఇంటికి రాలేదని ఏడుస్తూ స్టేషన్‌కు వెళ్ళిన తల్లులతో, ‘ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది, వస్తుందిలే’ అని చెప్పి పంపేశారు.

2001 అక్టోబర్‌లో 20 ఏళ్ళ అమ్మాయి ఒకామె ఫ్యాక్టరీకి రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. లోపలికి రానివ్వలేదు. అంతే, మళ్ళీ ఇల్లు చేరలేదు. నేనూ కొన్నేళ్ళు షిఫ్ట్ డ్యూటీ చేసినదాన్నే. మన ముందే గేటు మూసేస్తే, ఆ చీకట్లో ఎటు పోవాలో తెలియక కాళ్ళు ఎలా వణుకుతాయో నాకు తెలుసు. నవంబర్‌లో ఒక పాత పత్తి చేనులో ఎనిమిది మంది ఆడవాళ్ళ శవాలు దొరికాయి. వాటిలో ఈ అమ్మాయి ఉంది. ఇళ్ళల్లో పని చేసుకునే 15 ఏళ్ళ పిల్ల ఉంది. చదువుకుంటున్న 17 ఏళ్ళ పిల్ల ఉంది. వీళ్ళకు ఏ గ్యాంగుతో సంబంధం అంటగడతాం చెప్పు?

ఆ ఊరు రియో గ్రాండే నదికి ఇవతల ఉంటుంది, అవతల అమెరికాలోని ఎల్ పాసో. విడిభాగాలు తెప్పించి, బిగించి, తిరిగి అమెరికాకు పంపే ఫ్యాక్టరీలు అక్కడ బోలెడు. వాటిని మాకిలాదోరాలంటారు. 1994లో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం వచ్చాక ఇంకా పెరిగాయి. పని కోసం దూరపు ఊళ్ళ నుంచి పేదింటి ఆడపిల్లలు వచ్చి, వీధి దీపాలు కూడా సరిగా లేని శివారు బస్తీల్లో ఉంటూ, తెల్లవారకముందే షిఫ్టుకు బయల్దేరేవాళ్ళు. ఈ హత్యలను జనం లెక్కపెట్టడం మొదలైంది 1993 నుంచి.

సైకో అంటావా, పోలీసులకూ అలాంటి కథే కావాలి. పత్తి చేను కేసులో కొన్ని రోజులకే ఇద్దరు బస్సు డ్రైవర్లను పట్టుకొచ్చారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారని వాళ్ళు మొత్తుకున్నారు. ఒకతను 2003లో జైల్లోనే చనిపోయాడు, రెండో అతన్ని 2005లో వదిలేశారు.

గ్యాంగుల పాత్ర లేదనను. 2008 నుంచి హువారెజ్, సినలోవా కార్టెల్‌లు, అంటే పెద్ద డ్రగ్స్ ముఠాలు, అమెరికాలోకి డ్రగ్స్ పంపే దారుల కోసం కొట్టుకున్నాయి. 2010లో ఆ ఒక్క ఊళ్ళోనే 3,000 మందికి పైగా హతమయ్యారు. అదే ఏడాది నది దాటితే, ఎల్ పాసోలో పట్టుమని పది హత్యలు కూడా లేవు. ఉద్యోగం ఇప్పిస్తామని అమ్మాయిలను పిలిచి, వ్యభిచారంలోకి దించి, అవసరం తీరాక చంపేసిన ముఠా కూడా ఉంది. 11 మంది హత్యల కేసులో 2015లో ఐదుగురికి తలా 697 ఏళ్ళ శిక్ష పడింది. చూశావా, ఆ పిల్లలు గ్యాంగులను వెతుక్కుంటూ వెళ్ళలేదు, పని వెతుక్కుంటూ వెళ్ళారు. ఇక భర్తల చేతుల్లో, ప్రియుల చేతుల్లో పోయినవాళ్ళూ తక్కువేం కాదు.

పత్తి చేను కేసును తల్లులు వదిలిపెట్టలేదు. 2009లో అమెరికా ఖండాల దేశాల కోసం ఉన్న ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు మెక్సికో ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఆ చోటే 2011లో స్మారకం కట్టారు.

మరిసెలా ఎస్కొబెడో గురించి కూడా చదువు. 2008లో ఆవిడ కూతుర్ని, ఆ పిల్లతో కలిసి ఉంటున్నవాడే చంపాడు. వాడెక్కడున్నాడో ఆవిడే వెతికి పట్టుకుంది. 2010లో ముగ్గురు జడ్జీలు వాణ్ణి వదిలేశారు. ఆ తీర్పు పై కోర్టులో చెల్లలేదు కానీ, అప్పటికే వాడు పరార్. వాణ్ణి అరెస్టు చేయండంటూ ఆవిడ ఆ రాష్ట్ర రాజధాని చివావా నగరంలో గవర్నర్ కార్యాలయం ముందు కూర్చుంది. డిసెంబర్ 16 రాత్రి ఒకడు వచ్చి, రోడ్డు దాటి పరుగెత్తుతున్న ఆవిడను వెంటాడి, ఆ భవనం గుమ్మం ముందే కాల్చి చంపాడు.