తాబేలు 199 డాలర్లే, లెక్క నలభై ఏళ్లది

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇద్దరం హెచ్‌1బీ మీదే. తొమ్మిదేళ్ల మా అమ్మాయి తాబేలు కావాలని ఒకటే గొడవ. పెట్ స్టోర్‌లో రష్యన్ తాబేలు 199 డాలర్లు, దాన్ని ఉంచే 40 గ్యాలన్ల గాజు తొట్టి, లైట్లు, వేడి రాయి (కరెంటుతో వేడెక్కేది) కలిపిన కిట్ 480 డాలర్లు అన్నారు. స్టోర్ కార్డు తీసుకుంటే ఏడాది పాటు వడ్డీ లేదట. చేతిలో 3,000 డాలర్ల బోనస్ ఉంది. ఎమర్జెన్సీ ఫండ్ రెండు నెలల ఖర్చుకు వస్తుంది. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు. కాకపోతే ఆ కిట్ వద్దు, ఆ కార్డు అసలే వద్దు.

ముందు కార్డు సంగతి. ఇలాంటి స్టోర్ కార్డుల్లో ‘ఏడాది వడ్డీ లేదు’ అంటే చాలాసార్లు వడ్డీ మాఫీ అని కాదు, పక్కన రాసిపెడతారని. గడువు రోజుకు పది డాలర్లు బాకీ మిగిలినా సరే, కొన్న రోజు నుంచి పేరుకున్న వడ్డీ మొత్తం మీద పడుతుంది. ఆ రేటు 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. నెలనెలా మినిమమ్ కట్టుకుంటూ పోతే దాదాపు 680 డాలర్ల బిల్లుకు మరో నూట యాభై దాకా తోడవుతుంది. చేతిలో బోనస్ పెట్టుకుని ఆ ఉచ్చులో కాలెందుకు పెట్టడం?

ఇక కిట్. ఆ తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. అంటే నాలుగున్నర చదరపు అడుగులు. రష్యన్ తాబేలు పెరిగితే అరచేతి కన్నా కాస్త పెద్దదవుతుంది, అంతే. కానీ నడక, తవ్వుడు దాని ప్రాణం. గాజు దానికి గోడలా కనిపించదు. బయటికి దారి ఉందనుకుని రోజంతా అద్దానికి ముక్కు రాస్తుంది. వేడి రాయితో పొట్ట కింది డిప్ప కాలుతుంది. ఈ కిట్ కొన్నవాళ్లు ఏడాదిలోనే దాన్ని పక్కన పడేసి పెద్దది కొంటారు. ఒకే వస్తువుకు రెండుసార్లు డబ్బు పెట్టడమే నాకు నచ్చని ఖర్చు.

దాని బదులు చెక్క పెట్టె కట్టండి. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు చాలు. ఒకటి అడుగు భాగం. రెండోదాన్ని నిలువునా మూడు పట్టీలు కోయించండి, ఒక్కోటి దాదాపు 16 అంగుళాలు వస్తుంది. రెండు పట్టీలు పొడవు గోడలు, మూడోదాన్ని సగానికి కోస్తే పొట్టి గోడలు. తునక వృథా కాదు. హోమ్‌డిపోలో షీటు కొంటే కోత వాళ్లే వేస్తారు. పైన మూత అక్కర్లేదు. కానీ మూలల్లో అడ్డంగా చిన్న చెక్క బిగించండి, తాబేలు ఎక్కేది మూలల్లోనే, వెల్లకిలా పడేదీ అక్కడే. లోపల పాండ్ లైనర్ (నీళ్లు దిగని మందపాటి షీటు) పరిచి ఎరువు కలపని మట్టి, కొబ్బరి పొట్టు కలిపి పోయండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. ఒక చివర ఎనిమిది అంగుళాల లోతు ఉంటే గుంట తవ్వుకుని పడుకుంటుంది, మిగతా చోట మూడు నాలుగు చాలు. ఈ మట్టి మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. కాబట్టి పెట్టెను కింది అంతస్తులో నేల మీదే పెట్టండి, టేబుల్ ఎక్కించొద్దు.

లైట్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లేకపోతే దానికి కాల్షియం ఒంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది. కిటికీ ఎండ చాలదా అంటారేమో, గాజు యూవీబీని ఆపేస్తుంది. యూవీబీ ఇచ్చే 46 అంగుళాల టీ5 (సన్నటి రకం) ట్యూబు 54 వాట్లది తీసుకోండి, చుట్ట బల్బు వద్దు. ఒక చివర చదునైన రాయి పెట్టి, దాని పైన వంద వాట్ల వేడి బల్బు. రాయి దగ్గర 35 డిగ్రీల సెల్సియస్, అవతలి చివర 22–24 ఉండాలి. రెండు లైట్లూ పగలు 12 గంటలు, టైమర్ మీద. రాత్రి ఆపేయండి.

నా అంచనాలో ప్లైవుడ్ 120, లైనర్ 40, మట్టి 65, ట్యూబు సెట్టు 90, వేడి బల్బు, హోల్డర్, డిమ్మర్ 60, థర్మామీటర్ 25, నీళ్ల పళ్లెం, దాక్కునే గూడు 30. మొత్తం 430 డాలర్లు. కిట్ కన్నా 50 తక్కువ, చోటు ఏడు రెట్లు.

నెలవారీ ఖర్చుకు వద్దాం. రెండు లైట్లు కలిపి 154 వాట్లు, నెలకు 55 యూనిట్లు. యూనిట్ 14 సెంట్లనుకుంటే 8 డాలర్ల లోపే. ట్యూబు వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది కనుక ఏడాదికోసారి మార్చాలి. వేడి బల్బులతో కలిపి నెలకు 7 వేసుకోండి. ఆకులకు 15, కాల్షియం, మట్టి మార్పిడికి 5, సరీసృపాల డాక్టరు దగ్గర ఏటా ఒక చెకప్‌కు 10. మొత్తం 45 డాలర్లు. మందు కొట్టని పెరటి డాండెలియన్ మొక్కలు పెడితే ఇంకా తగ్గుతుంది. ఇంట్లో మిగిలిన పండ్లు మాత్రం పెట్టకండి, కడుపు పాడవుతుంది.

నెలకు 45 చిన్నదే. కానీ ఈ తాబేలు నలభై ఏళ్లు, ఆపైనా బతుకుతుంది. ఇవాళ్టి ధరల్లోనే 21,600 డాలర్లు. పాప పద్దెనిమిదేళ్లకు కాలేజీ డార్మ్‌కు పోతుంది, తాబేలు మీ దగ్గరే ఉంటుంది. విల్లులో దాన్ని చూసుకునే మనిషి పేరు, కొంత సొమ్ము రాయండి. టెక్సాస్ సహా అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ పెంపుడు జంతువు పేరిట ట్రస్టు చెల్లుతుంది కానీ, మీకు అంత హంగు అక్కర్లేదు.

మీ విషయంలో అసలు ప్రశ్న వీసా. ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద మీకుండే గడువు మహా అయితే 60 రోజులు. ఇండియాకు వెళ్లాల్సొస్తే తాబేలు సూట్‌కేసులో రాదు. ఇది సైట్స్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జాతి కాబట్టి ఇక్కడ ఎగుమతి పర్మిట్, అక్కడ దిగుమతి లైసెన్స్ కావాలి. మీతో రాదనే అనుకుని, దాన్ని తీసుకునే స్నేహితుల కుటుంబాన్ని ఇప్పుడే అడిగి ఉంచండి. (‘మా ఊళ్లో చుక్కల తాబేలు ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి వస్తుందంటారు, ఇక్కడివాళ్లకెందుకిన్ని రూల్స్’ అని మీ అత్తగారు అన్నారని రాశారు. ఆ చుక్కల తాబేలును ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, లక్ష్మి కన్నా ముందు అటవీ శాఖ వస్తుంది.)

బోనస్‌లోంచి పెట్టెకు 430, తాబేలుకు 200, వైద్యానికి 600 తీయండి. ఆ 600 వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. తాబేళ్లకు బీమా ఇచ్చే కంపెనీలు బహు తక్కువ, ఒక్కసారి ఎక్స్‌రే, ఇంజెక్షన్లు పడితే అందులోంచే పోతుంది. మిగిలిన 1,770 ఎమర్జెన్సీ ఫండ్‌కు. రెండు నెలల నిధి వీసా మీదున్న ఇంటికి చాలదు, ఆరు నెలలకు చేర్చేదాకా మరో పెంపుడు జంతువు మాటెత్తకండి. రెప్టైల్ రెస్క్యూ సంస్థల్లో ఇల్లు దొరకని రష్యన్ తాబేళ్లు తరచుగా ఉంటాయి, స్టోర్ కన్నా ముందు అక్కడ అడగండి. దత్తత ఫీజు తక్కువైతే ఆ మిగులూ వైద్యం ఖాతాకే.

ఏదీ కొనకముందు లీజు తీసి పెట్స్ క్లాజు చదవండి. కొందరు ఓనర్లు తాబేలుకు కూడా డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్ అడుగుతారు. నెలకు పాతిక డాలర్లు అడిగితే నా 45 లెక్క 70 అవుతుంది, అప్పుడు ఈ బడ్జెట్ మళ్లీ వేసుకోవాలి. ఓనరు ఒప్పుకుంటే ఈమెయిల్‌లో రాయించుకోండి. పెట్టె కట్టి, లైట్లు వారం రోజులు వేసి, వేడి సరిగ్గా నిలుస్తోందని చూశాకే తాబేలును తీసుకురండి.